మూడో అంతస్తు దాకా

జనవరి 6, సోమవారం

మరదలు ఒక ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రి వాళ్ళు పెడుతున్న పరుగు. మార్చి 30న. ఐదు కిలోమీటర్లు. వచ్చిన విరాళాలు నా భార్య చివర్లో ఉన్న వార్డుకేనట, కొత్త మంచాలకు.

"సంతకం పెట్టండి బావా."

"నేను పరిగెత్తడమేమిటి?"

"మూడు నెలలుగా చూస్తున్నాను. ఆఫీసులో కుర్చీ, ఇంట్లో కుర్చీ. కుర్చీకి నాలుగు కాళ్ళున్నాయి కదా, ఇక నావెందుకు అన్నట్టున్నారు."

పొద్దస్తమానం కుట్టు మిషను ముందు కూర్చునే మనిషి ఈ మాట అంటోంది.

సంతకం పెట్టాను. విరాళం కోసం కాదు. కారణం ఇక్కడ ఒకసారి రాస్తాను. మళ్ళీ రాయను.

అక్టోబరు 17, మధ్యాహ్నం. కింద టీ తాగుతున్నాను. త్వరగా రమ్మని నర్సు ఫోను చేసింది. లిఫ్టు మరమ్మతులో ఉంది. ఐదు అంతస్తులు ఎక్కాలి. మూడో అంతస్తు మలుపు దగ్గర ఊపిరి అందలేదు. ఒక్క నిమిషం కూర్చున్నాను. పైకి వెళ్ళేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేశారు.

మరదలితో వేరేగా చెప్పాను. చివరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నానన్నాను. ఆ రోజు మరదలి ముఖం చూశాక నోటికి అదే వచ్చింది.

యాభై మూడేళ్ళ ఊపిరితిత్తులు. అవసరానికి పనికిరాలేదు. వాటికి బుద్ధి చెప్పాలి.

జనవరి 9

బూట్లు కొన్నాను. నా సైజులో పసుపు రంగువి తప్ప లేవట. కాళ్ళకు రెండు అరటిపండ్లు తొడుక్కున్నట్టుంది.

జనవరి 12, ఆదివారం

పొద్దున ఆరింటికి గ్రౌండు. ముప్ఫై మంది. చప్పట్లు కొడుతున్నారు. ఎందుకో తెలియదు. ఒకాయన వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు, చెమటతో సహా. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను.

నేర్పే ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో విజిలు. మాట్లాడేటప్పుడు కూడా నోట్లోంచి తీయడు, ఒక మూలకు నెట్టుకుంటాడు. విజిలు మాస్టారంటే ఊరంతటికీ తెలుసట.

"ఏం ఉద్యోగం నాయనా?"

"తూనికలు కొలతల శాఖ. ఇన్‌స్పెక్టర్ని."

"అమ్మో. అయితే నిన్ను మోసం చెయ్యడానికి లేదు. రెండు కరెంటు స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక. స్తంభాలు లెక్కపెట్టడం నీకు రానక్కర్లేదు, కాళ్ళే చెబుతాయి."

చెప్పాయి. మొదటి స్తంభం దగ్గరే చెప్పాయి.

జనవరి 15

బంకులో తనిఖీ. ఐదు లీటర్ల క్యాను పట్టి చూస్తే యాభై మిల్లీలీటర్లు తక్కువ. యజమాని మిషను పాతదన్నాడు, ఎండ అన్నాడు, గాలి అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇవే మాటలు వింటున్నాను. తక్కువ కొలిచేవాడు ఎప్పుడూ తన చేతి గురించి చెప్పడు. పంపుకు సీలు వేయించాను.

నోటీసు రాద్దామని వంగితే తొడ పట్టేసింది. యజమాని నవ్వాపుకోవడం కనిపించింది.

జనవరి 21

నాలుగు స్తంభాలు. వాంతి.

జనవరి 22

నిన్న వాంతి అయ్యాక విజిలు మాస్టారు నా వీపు రాసి "శుభం" అన్నాడు. వాంతిలో శుభమేమిటో.

ఫిబ్రవరి 2, ఆదివారం

నా చొక్కా కంపు నాకే భరించరానిదిగా ఉంది. అదివరకు నా బట్టలన్నీ ఆమె ముక్కు మూసుకుని ఉతికేదో ఏమో, ఎప్పుడూ అడగలేదు. నానబెట్టాను. నురగ బూడిద రంగులో వచ్చింది.

మాస్టారి కొత్త పరీక్ష. పరిగెత్తుతూనే ఇంటి చిరునామా మొత్తం పైకి చెప్పాలి, ఇంటి నంబరు నుంచి పిన్‌కోడు దాకా, మధ్యలో ఆగకుండా. ఆగకుండా చెప్పగలిగితే ఊపిరి ఉన్నట్టు. చెప్పలేకపోతే లేనట్టు.

"ఊపిరి అబద్ధం ఆడదు నాయనా. మనిషే ఆడతాడు."

నేను ఇంటి నంబరు దాటలేదు. నా పక్కన పరిగెత్తే బ్యాంకు ఉద్యోగిని పిన్‌కోడు దాకా చెప్పి, పైన ఫోను నంబరు కూడా చెప్పింది.

ఆ రోజు మూడో అంతస్తు దగ్గర ఎవరైనా అడిగుంటే ఇంటి నంబరు కూడా వచ్చేది కాదు. రెండు నిమిషాలు కూర్చోవాల్సి వచ్చింది. ఎవరైనా కూర్చుంటారు.

ఫిబ్రవరి 9

మరదలు వచ్చింది. వంటగది చూసి, "ఇక్కడ ఎలుక కూడా అలిగి వెళ్ళిపోతుంది" అంది. గిన్నెలు తోమింది. వద్దంటే వినలేదు. చీపురు తీసింది. చివరికి ఏమీ మిగలక నా ఎదురుగా కూర్చుంది.

"ఒక మాట అడగనా బావా?"

అడగొద్దని ఎలా చెప్పాలో తెలియలేదు.

"అక్క చెయ్యి వెచ్చగా ఉందా? చివర్లో?"

"ఉంది."

"ఏ చెయ్యి పట్టుకున్నారు?"

"కుడి చెయ్యి."

మరదలు తల ఊపింది. కాసేపు తన కుడి చేతి వేపు చూసుకుంది. తర్వాత సంచి సర్దుకుని వెళ్ళింది.

కుడి చేతికి సెలైన్ సూది ఉంది. ముంజేయంతా పట్టీ. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

రాత్రి భోజనం చేయలేదు. నా గొంతు అంత తేలికగా ఎలా పలికిందా అనే ఆలోచిస్తున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

కొలత చక్రం తీసుకెళ్ళి పరుగు దారి కొలిచాను. బడి గేటు నుంచి మొదలు, కాలువ వంతెన, పాత సినిమా హాలు, రైల్వే గేటు, ఆసుపత్రి ముంగిట్లో ముగింపు. రెండుసార్లు కొలిచాను. 4,780 మీటర్లు. ఐదు కిలోమీటర్లని బ్యానరు కట్టారు.

రెండు వందల ఇరవై మీటర్లు తక్కువ. ఎవరి పేరు చెప్పి? చావబోయేవాళ్ళ పేరు చెప్పి.

ఫిబ్రవరి 18

పరుగు కమిటీ కార్యదర్శిని కలిశాను. మాట మెత్తన. మనిషి మెత్తన. చేయి కలిపితే పిండి ముద్ద పట్టుకున్నట్టుంది.

"అయ్యో సార్, మేం కారులో వెళ్ళి మీటరు చూసి కొలిచాం."

"కారు మీటరు కొలత కాదు."

"మంచి పని కోసం కదా సార్. ఎవరు పట్టించుకుంటారు?"

"నేను."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆసుపత్రి మ్యాపు మీద పెన్సిలుతో గీసి చూపించాను. ముంగిట్లో ఆపకుండా భవనం వెనక నుంచి చుట్టూ తిప్పి తెస్తే సరిగ్గా రెండు వందల ఇరవై వస్తుంది. ఒప్పుకున్నాడు. లేచి వస్తుంటే అన్నాడు:

"మీ మరదలుగారు మీ గురించి చెప్పారు సార్. చివరి క్షణం దాకా మేడమ్ చేయి వదల్లేదట. పరుగయ్యాక మైకులో రెండు మాటలు మాట్లాడాలి. కాదనకూడదు."

కాదనలేదు. ఔననలేదు. బయటికొచ్చి జేబురుమాలుతో చేయి తుడుచుకున్నాను. తుడుచుకుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరి 25

కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది.

మార్చి 2, ఆదివారం

మూడు కిలోమీటర్లు ఆగకుండా. చివర్లో చిరునామా వీధి దాకా వచ్చింది.

"ఇంకో రెండు వారాల్లో ఇంటికి చేరతావు" అన్నాడు మాస్టారు.

అక్టోబరులో ఈ ఊపిరి ఉండి ఉంటే చాలు. నాలుగు నిమిషాలు మెట్ల మీద కూర్చునే పని ఉండేది కాదు.

మార్చి 3

ఇప్పటిదాకా రాసిందంతా చదివాను. ఒకచోట ఒక నిమిషం, ఒకచోట రెండు, ఒకచోట నాలుగు. ఇలాంటి లెక్కలు కొట్లో కనబడితే కాటా సీజ్ చేసేవాణ్ణి.

ఫోనులో ఆ కాల్ ఇంకా ఉంది. 3:36. చూడక్కర్లేదు. తెలుసు.

మార్చి 9

పరుగు చొక్కా వచ్చింది. మరదలే తెచ్చింది. ముందు వైపు ఆసుపత్రి గుర్తు. వెనక మరదలు మిషను మీద నీలం దారంతో అక్షరాలు కుట్టింది:

చివరిదాకా చేయి వదలని మా బావ

"రెండు రోజులు పట్టింది. ‘క్ష’ రాక ‘చివరిదాకా’ అని పెట్టాను. ‘చివరి క్షణం’ అయితే ఇంకా బాగుండేది."

"బాగుంది."

"వేసుకోండి, చూస్తాను."

వేసుకున్నాను. నా చుట్టూ తిరిగి, భుజం దగ్గర దారం పోగు కనిపిస్తే పంటితో కొరికి తెంపింది. కళ్ళు తుడుచుకుని, "పొట్ట తగ్గింది బావా, అక్క చూస్తే ఎవరీయన అనేది" అంది.

వెళ్ళాక విప్పేశాను. మడత పెట్టి, అక్షరాలు లోపలికి వచ్చేలా అలమరలో పెట్టాను. మంచి కుట్టు. ఒక్క అక్షరం వంకర లేదు. అందుకే మరీ రోతగా ఉంది.

మార్చి 17

పాత జేబు పుస్తకాలన్నీ దాఖలు చేయమని ఆఫీసులో నోటీసు. తనిఖీలో చూసింది చూసినట్టు టైముతో రాసుకునే చిన్న పుస్తకాలు. చొక్కా జేబులో లేకుండా నేను బయటికి వెళ్ళను. పెళ్ళి ఫొటోలో కూడా జేబులో ఒకటి ఉందని ఆమె వెక్కిరించేది.

వరసగా పేర్చుతూ అక్టోబరుది తిరగేశాను. 17వ తేదీ పేజీ ఖాళీగా ఉంటుందనుకున్నాను. సెలవులో ఉన్నాను కదా.

ఖాళీగా లేదు.

‘3:41. మూడో అంతస్తు మలుపు. మంటలార్పే సిలిండరు. గడువు మార్చితో ముగిసింది. ఆరు నెలలు దాటింది.’

నా చేతి రాతే. మంటలార్పే సిలిండర్లు మా శాఖ పని కూడా కాదు.

మార్చి 18

అలవాటుపడిన చేయి. దానంతటదే రాసి ఉంటుంది.

మార్చి 19

అక్షరాలు నిటారుగా ఉన్నాయి. గీత తప్పలేదు. ‘అంతస్తు’లో సున్న గుండ్రంగా ఉంది.

మార్చి 20

అలవాటుపడిన చేయి.

మార్చి 23, ఆదివారం

ఐదు కిలోమీటర్లు. ఆగలేదు. చిరునామా మొత్తం చెప్పాను, పిన్‌కోడుతో సహా. అందరూ చప్పట్లు. కౌగిలింతలాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి తప్పించుకున్నాను.

మాస్టారు మాత్రం విజిలు నోట్లోంచి తీసి నా ముఖం చూశాడు.

"సాధించినవాడి ముఖం కాదే ఇది. ఏం పోగొట్టుకున్నావు నాయనా?"

గోరు ఊడిందన్నాను. అది కూడా నిజమే.

మార్చి 29

పడుకోవాలి. ఒక్కటే రాసుకుంటున్నాను. రేపు ఎక్కడా కూర్చోను.

మార్చి 30, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏడింటికి మొదలు. ఎనిమిది వందల మంది. పాటలు పెద్దగా పెట్టారు. ముఖాల మీద రంగులు. ఒకతను గుర్రం వేషంలో పరిగెత్తాడు. కార్యదర్శి జీపులో నిలబడి చేతులు ఊపాడు. నా వెనక పరిగెత్తేవాళ్ళంతా నా వీపు చదువుతున్నారు. కాలువ వంతెన దగ్గర ఒక ముసలావిడ నన్ను దాటిపోతూ, "చల్లగా ఉండు బాబూ" అంది. ముఖం తిప్పుకున్నాను.

రైల్వే గేటు దగ్గర కాళ్ళు బరువెక్కాయి. ఊపిరి మాత్రం బాగానే ఉంది. ఆసుపత్రి ముంగిట్లోకి వచ్చేసరికి మైకులో నా గురించి మొదలుపెట్టారు. "మనందరికీ ఆదర్శమైన భర్త" అని వినిపించింది. నేను చెప్పి పెట్టించిన వెనక దారిలోకి తిరిగాను.

పెన్సిలుతో గీసినప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. ఆ వెనక దారి మెట్ల తలుపు ముందు నుంచే పోతుంది. తలుపుకు ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచారు.

ముగింపుకు నూట పది మీటర్లు ఉండగా నేను పక్కకు తిరిగి మెట్లెక్కాను.

అనుకుని చేసింది కాదు. అనుకోకుండా చేసింది కూడా కాదు. ఈ మూడు నెలలూ దీనికోసమే కదా. ఒక్కసారి ఆగకుండా ఐదు అంతస్తులు ఎక్కి, ఆ రోజు తప్పు ఊపిరిదేనని ముద్ర వేసి వచ్చేద్దామనుకున్నాను.

మొదటి అంతస్తు. రెండో అంతస్తు. ఫినాయిలు వాసన. మూడో అంతస్తు మలుపు.

కాళ్ళు ఆగిపోయాయి.

ఎదురుగా గోడకు సిలిండరు. కొత్త చీటీ వేశారు. గడువు ఉంది.

చిరునామా పైకి చెప్పాను. ఇంటి నంబరు, వీధి, పేట, ఊరు, పిన్‌కోడు. ఎక్కడా తెగలేదు. మళ్ళీ చెప్పాను. తెగలేదు. దాని పైన ఫోను నంబరు కూడా చెప్పాను. పై మెట్టు మీద కాలు పెడదామని చూశాను. కాలు లేవలేదు. కూర్చున్నాను. అదే మెట్టు.

ఊపిరి అబద్ధం ఆడదు.

ఇక కూడిక చేశాను. నర్సు ఫోను 3:36. ఈ మెట్టు దగ్గరికి 3:38. ఆమె పోయినట్టు కాగితంలో రాసిన టైము 3:44. కింద నా సంతకం, పక్కన నా చేత్తోనే వేసిన టైము 3:50. పై రెండు అంతస్తులకు ఒక నిమిషం. పదకొండు నిమిషాలు కూర్చున్నాను. అందులో ఆమె బతికి ఉన్నవి ఆరు.

మరదలు మెట్లెక్కి వచ్చింది. ఆయాసంతో గోడ పట్టుకుంది.

"బావా, అక్కడ మీ పేరు చెప్పి గొంతు చించుకుంటున్నారు. వాలంటీరు ఇటు వచ్చారన్నాడు. కళ్ళు తిరిగాయా? మంచినీళ్ళు తేనా?"

"నేను చెయ్యి పట్టుకోలేదు."

"ఏమిటి?"

"నేను పైన లేను. ఇక్కడున్నాను. ఈ మెట్టు మీద. పదకొండు నిమిషాలు."

మరదలు నిలబడే ఉంది. కింద మైకు మోగుతోంది.

"ఆయాసం వచ్చిందా?"

అదొక్క మాటకు ఔనంటే సరిపోయేది. ఎంత దయగా అడిగిందో.

"లేదు. పైకి వెళ్తే చూడాల్సి వస్తుందని."

"ఇక్కడ కూర్చుని ఏం చేశారు?"

"ఆ సిలిండరు చీటీ చదివాను. గడువు అయిపోయిందని రాసుకున్నాను."

నవ్వులాంటిది ఒకటి వచ్చింది మరదలికి. నవ్వు కాదు.

"కుడి చేతికి సూది ఉంది కదా, ఎలా పట్టుకున్నారా అని మీరు చెప్పిన రోజే అనిపించింది. పోనీలే, వేళ్ళు పట్టుకుని ఉంటారనుకున్నాను. నేనే సర్దేసుకున్నాను. ఆ ఒక్క మాట తలకింద పెట్టుకుని పడుకుంటున్నాను బావా, ఐదు నెలలుగా."

నేను చీటీ మీది తేదీ వైపే చూస్తున్నాను.

"షర్టు విప్పండి."

విప్పాను. చెమటకు వీపుకు అంటుకుపోయింది. తల దగ్గర ఇరుక్కుంటే మరదలే లాగింది, చిన్నపిల్లాడికి లాగినట్టు. కంపు కొడుతోంది. దాన్ని అలాగే ఛాతీకి అదుముకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒకచోట ఆగింది. వెనక్కి చూడలేదు.

బనీనుతో కూర్చున్నాను. కాసేపటికి లేచాను. మిగిలిన మెట్లు నలభై నాలుగు. ఎక్కాను. వార్డులో కిటికీ పక్క మంచం మీద ఎవరో లావుపాటావిడ బత్తాయి ఒలుచుకుంటోంది. బనీను, పసుపు బూట్లు చూసి కంగారుపడింది.

"ఎవరు కావాలి?"

"ఎవరూ లేరండి."

"మరి ఎందుకొచ్చారు?"

"ఆలస్యమైంది" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. రెండు తొనలు తీసి చేతిలో పెట్టింది.

ముంగిట్లోకి వెళ్ళలేదు. వెనక గేటు నుంచి ఇంటికి వచ్చాను. నూట పది మీటర్లు తక్కువ.

మార్చి 31

ఆఫీసులో అందరూ అభినందించారు. ఎవరూ పరుగు చూడలేదు.

ఏప్రిల్ 3

మరదలు ఫోను ఎత్తలేదు. తప్పు లేదు.

ఏప్రిల్ 4

కమిటీ కార్యదర్శి ఇంటికి వచ్చాడు, పతకం ఇవ్వడానికి. పూర్తి చేయలేదన్నాను. "పర్లేదు సార్, ఎవరు పట్టించుకుంటారు" అన్నాడు. తలుపు వేశాను. ఆయన అప్పటికి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ 8

మరదలి టైలరింగు కొట్టు నుంచి పొట్లం వచ్చింది. చొక్కా. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. ముందు వైపు పరుగు నంబరు తగిలించిన చోట పిన్నీసుతో ఒక చీటీ.

‘ఆదివారం వస్తాను. ఆ రోజు పొద్దుటి నుంచి మొత్తం చెప్పాలి. ఒక్క నిమిషం కూడా తగ్గించి కొలవకండి.’

వెనక్కి తిప్పాను. నీలం దారం ఒక్క పోగు లేదు. అక్షరాలన్నీ విప్పేసింది. కుట్టడానికి రెండు రోజులు పట్టిందంది, విప్పడానికి అంతకంటే ఎక్కువే పట్టి ఉంటుంది. సూది బెజ్జాలు మాత్రం అలాగే ఉన్నాయి. కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి పట్టాను. చివరిదాకా చేయి వదలని మా బావ. స్పష్టంగా చదవొచ్చు.

చదివాను. రోత పుట్టింది. తొడుక్కుని గ్రౌండుకు వెళ్ళాను.